ఇనుము ముట్టనివాడు

అత్తవారింట్లో అల్లుడు ఒక్కడే ఉన్నంతకాలం అతనంత మంచివాడు ఎక్కడా కనబడడు. అసలు రంగు బయటపడేది రెండోవాడు వచ్చాకే. పెద్దల్లుడి సంగతీ అదే అయింది. మరదలి పెళ్లయ్యేదాకా అతను ఆ ఇంటికి మహారాజు. గుమ్మంలో కనబడితే చాలు, మామగారు వాలుకుర్చీలోంచి లేచి చోటిచ్చేవాడు. మూత బిగుసుకుపోయిన సీసాలన్నీ అత్తగారు అతని కోసమే దాచి ఉంచేది. అతను పట్టి తిప్పితే మూత కిర్రుమని లొంగేది. మా అల్లుడి చేతిలో ఏ మహత్తుందో అని ఆవిడ పొంగిపోయేది. అంతటి బలవంతుడికి ఆ మాత్రం పొగడ్త సరిపోయేది, పాపం.

మహత్తేమీ లేదు, అంతా ఇనుమే. దర్జీ దుకాణం కింద నేలమాళిగలో అతనికి జిమ్ ఉంది. నేలంతా నల్ల రబ్బరు చాపలు, గోడ పొడవునా అద్దం, చెమటా తుప్పూ కలిసిన వాసన, నెత్తిమీద కుట్టుమిషన్ల గడగడ. అద్దం పైన ఎర్ర రంగుతో 'ఇనుముంటేనే కండ' అని రాయించాడు. వచ్చేవాళ్లు అది ప్రకటన అనుకునేవారు. అతనికి మాత్రం అది మతం. ఈత కొడితే కండ రాదా మాస్టారూ, పరుగెత్తితే రాదా అని ఎవరైనా అడిగితే, "ఎందుకు రాదు, ఆయాసం వస్తుంది" అనేవాడు. బెంచి మీద పడుకుని అతను ఎత్తే బరువుకు ఆ జిమ్‌లో 'మాస్టారి బరువు' అని పేరు. ఇంకెవరూ దాన్ని కదిలించిన పాపాన పోలేదు. అతని భార్య పొద్దున్నే వచ్చి బల్ల దగ్గర కూర్చుని, వచ్చేపోయేవాళ్లను పలకరిస్తూ, తువ్వాళ్లు మరిచిపోయేవాళ్లను చీవాట్లేస్తూ ఉండేది.

అలాంటి రోజుల్లో మరదలికి పెళ్లయింది. చిన్నల్లుడు జిమ్నాస్ట్. ఒకప్పుడు పైనుంచి వేలాడే రింగుల మీద పోటీలకు వెళ్లినవాడు, ఇప్పుడు ఒక హాల్లో పిల్లలకు అవే నేర్పుతున్నాడు. మనిషి పొట్టి, మాట నెమ్మది. వదులు చొక్కాలో అతన్ని చూసి పెద్దల్లుడు, ఫ్యాను కాస్త జోరుగా తిరిగితే ఎగిరిపోయేలా ఉన్నాడని భార్య చెవిలో అని నవ్వుకున్నాడు. ఆ నవ్వు ఎక్కువకాలం నిలవలేదు.

ఒక ఆదివారం అందరూ అత్తగారింట్లో భోజనానికి కలిశారు. మేడ మీది గది తలుపు గాలికి పడి, తాళంచెవి లోపలే ఉండిపోయింది. మామగారి మందులు కూడా అందులోనే ఉన్నాయి. పెద్దల్లుడు చొక్కా చేతులు పైకి మడిచి, అందరినీ పక్కకు జరగమని, తలుపుకి భుజం వేశాడు. తలుపు ఊఁ అనలేదు. మళ్లీ వేశాడు. పక్క గోడ మీది పటం కిందపడింది. ఈలోగా చిన్నల్లుడు పెరట్లోకి వెళ్లి, చొక్కా మాసిపోతుందని విప్పి, నీటుగా మడిచి గట్టు మీద పెట్టాడు. ఎగిరి బాల్కనీ అంచు పట్టుకున్నాడు. కాళ్లు ఆడించలేదు, గోడకు తన్నలేదు. నీళ్లలోంచి తేలినట్టు మెల్లగా పైకి లేచి, అంచు దాటి, కిటికీలోంచి లోపలికి వెళ్లి తలుపు తీశాడు.

చూడాల్సింది అతను ఎక్కడం కాదు, ఎక్కుతున్నప్పుడు ఆ వీపు. ఒక్కొక్క కండ పేరు పెట్టి పిలిస్తే పలికేలా ఉంది. భుజాలు గుండ్రంగా, నడుము సన్నగా, చేతులు తాళ్లు పేనినట్టు. పెరట్లో ఉన్న ఆడవాళ్లు, మగవాళ్లు, పక్కింటివాళ్లు తలలెత్తి చూస్తుండిపోయారు. పెద్దల్లుడు కూడా మేడ మెట్ల కిటికీలోంచి వంగి చూశాడు. జన్మంతా తాను అద్దంలో వెతుక్కున్న ఒళ్లు అది.

భోజనాల దగ్గర మామగారు కొత్త అల్లుణ్ని ఎంత బరువెత్తుతావని అడిగాడు. తను బరువులు ఎప్పుడూ ముట్టలేదని, చిన్నప్పటినుంచీ రింగులూ బార్లూ తప్ప ఇంకేమీ తెలియదని అతను చెప్పాడు. అత్తగారు పెద్దల్లుడి కంచంలో మరో గరిటె వడ్డిస్తూ, ఏ కల్మషమూ లేకుండా అడిగింది.

"మీరూ రోజూ అంత కష్టపడతారు కదా బాబూ. మరి మీకలా రాలేదేం?"

పుండు మీద కారం చల్లినా ఇంకాస్త తక్కువ మండేదేమో. పెద్దల్లుడు కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు. అతనిలో బలం లేకపోలేదు, బోలెడుంది. కాని ఒళ్లు బీరువాలా తయారైంది. ముందూ వెనకా ఒకటే వెడల్పు, పొట్ట కాస్త అదనం. అది బలం తాలూకు పొట్ట అని శిష్యులకు చెప్పేవాడు. ఆ పూట ఇంటికి వచ్చి అద్దం ముందు పక్కకు తిరిగి నిలబడితే, అది అచ్చం పొట్టలాగే కనబడింది. అతనికి ఏడుపొచ్చినంత పనైంది. కుళ్లుకున్నాడు. దానికి ఇంకో మర్యాదైన మాట లేదు.

వాడు అబద్ధం చెబుతున్నాడు. దొంగచాటుగా ఇనుము ఎత్తుతున్నాడు. ఆ నమ్మకం ఒక్కటే అతనికి నిద్ర పట్టించింది. అప్పటినుంచి పోలీసు పని మొదలుపెట్టాడు. కలిసినప్పుడల్లా ఆప్యాయంగా చెయ్యి పట్టుకుని, అరచేయి తడిమి చూశాడు. కాయలున్నాయి. దొరికాడనుకున్నాడు. రింగులు పట్టుకున్నా కాయలు కాస్తాయని భార్య అంది. సంచి సర్దే నెపంతో లోపలికి తొంగిచూశాడు. బరువులెత్తేవాళ్లు పట్టు జారకుండా చేతులకు రాసుకునే తెల్లపొడి ఉంది. ఈసారి తప్పించుకోలేడనుకున్నాడు. ఆ పొడి రింగులవాళ్లు కూడా రాసుకుంటారని మరదలే నవ్వుతూ చెప్పింది. బావగారికి మా ఆయన మీద ఎంత శ్రద్ధో అని కూడా అంది. ఆ శ్రద్ధ ఏమిటో ఆ పిల్లకు తెలియదు.

చివరికి ఒక సాయంత్రం జిమ్ భార్యకు అప్పగించి, తానే ఆ హాలుకి వెళ్లాడు. లోపలికి వెళ్లలేదు, పక్క సందులో గాజు కిటికీ దగ్గర నిలబడ్డాడు. పిల్లలు వెళ్లిపోయాక చిన్నల్లుడు ఒక్కడే మిగిలాడు. రెండు రింగులు పట్టుకుని పైకి లేచాడు, ముందుకు వాలాడు, ఒంటిని నేలకు సమంగా తెచ్చాడు. మొదట మోకాళ్లు కడుపులోకి ముడిచి ఆగాడు. తర్వాత ఒక కాలు చాచాడు. చేతులు వణికాయి. ఆపైన రెండో కాలు కూడా చాచాడు. భుజాలు బిగుసుకుని, మెడ నరాలు తేలి, మొహం ఎర్రబడింది. దిగి, ఒగర్చి, నీళ్లు తాగి, కూర్చుని, మళ్లీ ఎక్కాడు.

పెద్దల్లుడు ఎంత కుళ్లుబోతైనా పని తెలిసినవాడు. అక్కడే, ఆ కిటికీ దగ్గరే, అతనికి అంతా అర్థమైపోయింది. కాళ్లు ముడిస్తే బరువు తగ్గుతోంది, చాస్తే పెరుగుతోంది. తాను బార్ కడ్డీకి ఇనప ప్లేట్లు మార్చినట్టే వాడు ఒంటి వాలు మారుస్తున్నాడు. తేలికైన దగ్గర ఆగడంలేదు, రోజురోజుకీ కష్టం పెంచుకుంటున్నాడు. కండకు ఇనుమేదో ఒళ్లేదో తెలియదు, దానికి తెలిసింది కష్టం ఒక్కటే. ఇన్నేళ్లుగా తాను అద్దం పైన రాయించుకున్నది సగం నిజం మాత్రమే. వెనక గది తలుపు కూడా తెరిచే ఉంది. పాత చాపలు, పిల్లలు దూకే చెక్క పెట్టె, మూలన చీపురు. ఇనుము ముక్క కూడా లేదు.

దొంగ అయి ఉంటే క్షమించేవాడే. దొంగ కాకపోవడమే అతను క్షమించలేకపోయాడు.

మర్నాడు, రోజూ కసరత్తుకు వచ్చే పళ్ల డాక్టరు ఒకాయన జిమ్‌కి వచ్చాడు. ఆయన కూతురు చిన్నల్లుడి దగ్గరే నేర్చుకుంటోంది. పిల్లల చేత బరువులు ఎత్తించబోమని ఆ హాలువాళ్లు గట్టిగా మాటిచ్చారు, దాన్ని చూసే చాలామంది తల్లిదండ్రులు అక్కడ చేర్పించారు. డాక్టరు చెమట తుడుచుకుంటూ, మీ తోడల్లుడు ఎప్పుడూ బరువులు ఎత్తలేదంటున్నాడు, అలాంటి ఒళ్లు అలా వస్తుందా మాస్టారూ అని మామూలుగా అడిగాడు. నోరు జారిందనడానికి వీల్లేదు. ఆ మాట పెద్దల్లుడి గొంతులో కాసేపు ఆగింది, ఆపాలనుకుంటే ఆగేది.

"నేను చెప్పానని అనకండి. వెనక గదిలో ఇనుముంది. నా కళ్లతో చూశాను" అన్నాడు.

నేను చెప్పానని అనకండి అంటే ఆ మాట ఎంత వేగంగా పరుగెడుతుందో అందరికీ తెలిసిందే. రెండు రోజులు తిరగకుండా హాలు ముందు తల్లులూ తండ్రులూ గుమిగూడారు. నేర్పేవాడే అబద్ధాలాడితే రేపు మా పిల్లల చేత ఏం ఎత్తిస్తాడో అన్నారు కొందరు. హాలు నడిపే ఆవిడ ఎప్పుడూ మెడలో విజిల్‌తో ఉంటుంది, అందరూ విజిల్ మేడం అంటారు. ఆవిడ వెనక గది తలుపులు బార్లా తీసి చూపించింది. ముందే తీసేసి ఉంటారన్నారు జనం. విషయం తేలేదాకా క్లాసులకు రావద్దని ఆవిడ చిన్నల్లుడికి చెప్పింది. తేలకపోతే ఇక ఎప్పటికీ వద్దని కూడా, కాస్త ఇబ్బంది పడుతూనే చెప్పింది.

మరదలు అక్కకు ఫోన్లు మానేసింది. పెద్దల్లుడి భార్య ఒకరోజు తువ్వాళ్లు మడతపెడుతూ, మీరు నిజంగా చూశారా అని అడిగింది. కళ్లారా చూశానన్నాడు. ఆవిడ అతని మొహంలోకి ఒకసారి చూసి, మళ్లీ తువ్వాళ్ల మీదికి తల దించుకుంది. ఆ వారం పెద్దల్లుడు కడుపునిండా తిన్నాడు. అద్దం ముందు నిలబడితే పొట్ట కూడా కాస్త తగ్గినట్టే అనిపించింది. తమ్ముడిలాంటివాడి అన్నంలో మన్ను కొట్టి కూడా మనిషి అంత హాయిగా ఉండగలడు.

కాని జిమ్‌లో నలుగురూ అదే మాట తిప్పితిప్పి అడుగుతుంటే అతనికి ఉత్సాహం హద్దు దాటింది. గదులు వెతకడం ఎందుకు, వాణ్ని నా బెంచి మీద పడుకోబెట్టండి, బార్ పట్టుకునే తీరు చూసి ఎన్నేళ్లుగా ఎత్తుతున్నాడో చెప్పేస్తానని డాక్టరుతో అన్నాడు. డాక్టరు ఆ మాటను ఉన్నదున్నట్టు మోసుకెళ్లి విజిల్ మేడం చెవిన వేశాడు. మర్నాడు మధ్యాహ్నం ఆవిడ చిన్నల్లుణ్ని వెంటబెట్టుకుని నేలమాళిగ మెట్లు దిగింది. వెనకాల డాక్టరు, మరో ఇద్దరు తల్లిదండ్రులు. అందరికన్నా చివర మరదలు.

"ఈ విషయంలో మీ మాటే ప్రమాణమని అందరూ అంటున్నారు. మీరేం చెబితే అదే నా నిర్ణయం" అంది విజిల్ మేడం.

పెద్దల్లుడు లోలోపల లెక్క వేసుకున్నాడు. బార్‌కి తన బరువే వేయాలి. వాడు ఎత్తలేకపోతే ఆ ఒళ్లంతా పై మెరుగేనని నలుగురిలో తేలిపోతుంది. ఎత్తాడా, ఇనుము తెలిసినవాడే కాబట్టి ఎత్తాడని చెప్పి, ఇంటికి పంపించేయొచ్చు. ఎటు చూసినా లాభమే. అతను తన చేతులతోనే ఒక్కొక్క ప్లేటూ తగిలించాడు. అది మాస్టారి బరువని గుర్తుపట్టి శిష్యులంతా చేస్తున్న పనులు ఆపి చుట్టూ చేరారు. డాక్టరు కొంచెం కంగారుపడి, కాస్త తగ్గించకూడదా అన్నాడు. కండలున్నవాడికి తగ్గించడమేమిటన్నాడు పెద్దల్లుడు. పడితే పట్టుకోవడానికి తానే తలాపున నిలబడ్డాడు. అది జిమ్ పద్ధతి, పగవాడికైనా తప్పదు.

చిన్నల్లుడు ఆ వారంలో మనిషి చిక్కిపోయాడు. బెంచి మీద వెల్లకిలా పడుకుని, రెండు కాళ్లూ జోడించి, మోకాళ్లు బిగించి, పాదాలు గాల్లోకి లేపి వేళ్లు సూటిగా చాచాడు. రింగుల మీద వేలాడినా బెంచి మీద పడుకున్నా కాళ్లు పెట్టడం అతనికి అలాగే తెలుసు. బార్‌ని అరచేతిలో పట్టుకోకుండా, రింగుల్ని పట్టుకున్నట్టు మణికట్టు లోపలికి మడిచి మోపాడు. బొటనవేళ్లు గాలికి వదిలేశాడు. ఒక చెయ్యి మధ్యకు దగ్గరగా ఉంది, రెండోది ఎక్కడో చివర. ఊపిరి వదిలేయాల్సిన చోట బిగబట్టాడు, బిగబట్టాల్సిన చోట వదిలేశాడు.

బార్ కొక్కాల మీంచి లేచింది. కిందికి దిగుతూ ఒక పక్కకు ఒరిగింది. ఛాతీ మీద ఆగాల్సింది ఇంకాస్త కిందికి జారింది. ఇక లేవదనుకున్నారు. అది లేచింది. వంకరగా, ఒక మూల ముందు, ఒక మూల వెనకగా, ఆ అవకతవక పట్టుతోనే, కేవలం ఆ భుజాల చలవతో లేచింది. మాస్టారి బరువు. ఇంకెవరూ కదిలించని బరువు.

పెద్దల్లుడికి ఎత్తినందుకు మండింది. ఇంత దిక్కుమాలిన పద్ధతిలో ఎత్తినందుకు ఇంకా మండింది. తాను ఈ బరువు దగ్గరికి చేరడానికి ఎన్నేళ్లు మణికట్లు సరిచేసుకున్నాడు, ఎన్ని వందలమంది చేత పాదాలు నేలకు తొక్కించాడు, వీడేమో కాళ్లు గాల్లో పెట్టుకుని ఎత్తేస్తున్నాడు. చెప్పాల్సిన తీర్పు అంతా నోటి దగ్గర సిద్ధంగా ఉంది. కాని బార్ మళ్లీ ఒరిగింది, అతని చేతులు వాటంతట అవే దూకి దాన్ని పట్టుకుని కొక్కాల మీదికి లాగాయి, నోరు అంతకన్నా ముందు దూకింది.

"కాళ్లు కింద పెట్టరా. బొటనవేలు చుట్టూ తిప్పు. అలా పట్టుకుంటే చెయ్యి విరుగుతుంది. జన్మలో ఒక్కసారైనా ఇనుము ముట్టినవాడు ఇలా పట్టుకుంటాడా?"

పైన కుట్టుమిషన్లు గడగడలాడుతున్నాయి. తానేమన్నాడో పెద్దల్లుడికి అందరికన్నా ఆఖరున అర్థమైంది.

"ముట్టలేదన్నమాట" అంది విజిల్ మేడం.

చుట్టూ ఉన్నవాళ్లంతా పెద్దల్లుడి శిష్యులే. ఏది కొత్తవాడి పట్టో, ఏది చెయ్యి తిరిగినవాడి పట్టో వాళ్లకు నేర్పింది తనే. ఇప్పుడు మాట మార్చినా నమ్మేవాళ్లు లేరు. అప్పుడు బల్ల దగ్గరనుంచి భార్య లేచి వచ్చింది. గొంతు పెంచకుండా, నలుగురికీ వినబడేలా అడిగింది.

"మరి ఆ గదిలో ఏం చూశారు?"

అబద్ధం ఇంకొకటి దొరకక కాదు. ఆవిడ మొహం చూస్తే అవసరం లేదనిపించింది. ఆవిడకు మొదటినుంచీ తెలుసు.

"ఏమీ చూడలేదు. చాపలున్నాయి, చీపురుంది. రింగుల మీద వీణ్ని చూశాను. ఓర్వలేకపోయాను" అన్నాడు.

డాక్టరు తన చెప్పుల వంక చూసుకున్నాడు. విజిల్ మేడం తిట్టలేదు. రేపటినుంచి క్లాసులకు రమ్మని చిన్నల్లుడితో అంది. ఈ మాటను కూడా ఇంటింటికీ అంతే వేగంగా మోసుకెళ్లమని తల్లిదండ్రులకు చెప్పి, మెట్లెక్కి వెళ్లిపోయింది. మరదలు బావగారి వైపు చూడలేదు. అక్క పక్కకు వెళ్లి నిలబడింది. శిష్యుల్లో ఒకడు దగ్గాడు. అద్దం పైనున్న ఎర్ర అక్షరాల వైపు మాత్రం ఎవరూ తలెత్తలేదు, అదొక్కటే వాళ్లు చూపించిన దయ.

అంతా అయిపోయిందనుకుని పెద్దల్లుడు ప్లేట్లు విప్పబోయాడు. చిన్నల్లుడు ఇంకా బెంచి మీంచి లేవలేదు. మెల్లగా పాదాలు నేలకు దించి గట్టిగా తొక్కాడు. మణికట్లు నిటారుగా పెట్టి, బొటనవేళ్లు బార్ చుట్టూ తిప్పి, రెండు చేతుల మధ్య దూరం కళ్లతో కొలుచుకుని సరిచేసుకున్నాడు. ఒక్కసారి చెబితే పట్టేశాడు. అది చూసి పెద్దల్లుడికి మళ్లీ మండింది.

"తియ్యకండి అన్నయ్యా. ఇంకోటి వెయ్యండి" అన్నాడు చిన్నల్లుడు.

ఆ గొంతులో క్షమాపణ ఏ మూలా లేదు. పనీ పరువూ పోగొట్టుకుని ఒక వారం ఇంట్లో కూర్చున్న మనిషి గొంతు అది. ఇంకోటి అంటే మాస్టారి బరువు దాటినట్టే. పెద్దల్లుడు అక్కడే నిలబడిపోయాడు. భార్య గోడవారనున్న దొంతరలోంచి ఒక ప్లేటు రెండు చేతులతో ఎత్తుకొచ్చి అతని చేతిలో పెట్టింది. మరదలు రెండోది తెచ్చింది. అతను ఒకటి ఇటు, ఒకటి అటు తగిలించి, రెండు వైపులా బిగించి, మళ్లీ తలాపుకి వచ్చాడు. బార్ లేచింది, ఈసారి తిన్నగా. వీడు ఓడిపోవాలి, ఒక్కసారి ఓడిపోవాలి అని మనసారా కోరుకుంటూ, ఓడితే పట్టుకోవడానికి రెండు చేతులూ దాని కింద చాచి నిలబడ్డాడు.